చివరి ఎలక్ట్రాన్ మిగిలిందా?

పుట్టువెంట్రుకలు మేనమామ ఒడిలోనే తీయించాలని అక్క పట్టుబట్టింది. ప్రయోగాన్ని మధ్యలో వదిలేసి బెంగళూరు నుంచి భద్రాచలం వచ్చాను. గోదావరి ఒడ్డున మేనల్లుణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను గానీ, మనసంతా జేబులోని ఫోను మీదే.

ఆ రోజుల్లో నా పని సిలికాన్‌లో ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ను నిలపడం. క్వాంటమ్ కంప్యూటర్‌కు అదే తొలిమెట్టు అనుకునేవాళ్లం. ద్రవ హీలియంతో చల్లబరిచిన చిన్న ముక్కలోంచి, వోల్టేజీ తగ్గిస్తూ ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపించెయ్యాలి. ఒకటి వెళ్లిన ప్రతిసారీ తెర మీద గీత పైకి లేస్తుంది. చివరిది మిగిలితే దాని స్పిన్, అంటే బుల్లి అయస్కాంతంలా అది పైకి చూస్తోందో కిందికి చూస్తోందో, చదవొచ్చు. అది చూపించలేకపోతే ఆ నెలతో నా పరిశోధన ఆగిపోతుంది. నా బదులు తోటి పరిశోధకురాలు తెర ముందు కూర్చుంది.

"ఏంది బామ్మర్దీ, గంత తండ్లాట?" అన్నాడు బావ.

చెప్పాను. స్పిన్ పైకీ కిందికీ కలగలిసి ఉండగలదనీ, కొలిస్తే మాత్రం ఏదో ఒకటే దొరుకుతుందనీ.

"అయితే కొల్వకు. ఏం బోయింది?"

అక్క నవ్వింది. "మా తాత పది ఊర్ల మీద పెత్తనం చేసిండు. వీని మాట ఒక్క ఎలక్ట్రాన్ వింటలేదు."

నాకు నవ్వు రాలేదు. భూములన్నీ పోయినా, ఎవరి ముందూ చెయ్యి చాపకుండానే అంతదాకా వచ్చాను.

ఫోను మోగింది. జేబులో చెయ్యి పెట్టబోతే పిల్లవాడు గింజుకున్నాడు.

"కదలకుర్రి దొరా! కత్తి తగుల్తది," క్షురకుడు గద్దించాడు.

మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. అక్క విసుక్కుంటూ ఫోను తీసి నా చెవికి ఆనించింది.

గీతలు లేవడం ఆగిపోయిందట. ఎలక్ట్రాన్లు అయిపోయి ఆగిందో, వాటి దారి మూసుకుపోయి ఆగిందో తెలియడం లేదట. మరోసారి చల్లబరిచి చూస్తేగానీ తేలదు. హీలియం వంతు రేపటి నుంచి వేరేవాళ్లది.

"వంతులు వేసే సార్ ఇక్కడే ఉన్నారు. నువ్వే అడగాలి," అంది తోటి పరిశోధకురాలు.

మా ఇంటికి ఏదైనా అడగడానికి వచ్చినవాళ్లు గడప అవతలే నిలబడేవారు.

"ఏమంటున్నరు?" అంది అక్క.

"అడగాలట."

"మరి జల్దీ అడుగు. నా చెయ్యి గుంజుతుంది."

సార్ లైన్లోకి వచ్చారు. "ఇంకో వంతు నాకిప్పించండి సార్," అన్నాను.

"ఎందుకివ్వాలి?"

ఏడుస్తున్న పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని, మొదటి గీత దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.