ఊడని పిన్ను

మెకానిక్ కూలి తగ్గించనన్నాడని, ఏలూరులో మా ఇంటి ముందు నా కారు కింద నేనే దూరాను. బేరంలో నన్ను ఓడించేవాడు ఇంకా పుట్టలేదు మరి! తుప్పుపట్టిన షాక్ అబ్జార్బర్ బోల్టు మీద కిరసనాయిలు పోయగానే, ఆ వాసనకి చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను.

నా చిన్నప్పుడు మాకు తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టుండేది. కొల్లేరు చేపలు మోసిన పాత కారొకటి నాన్న చవగ్గా బేరమాడి తెచ్చారు. దాని వెనక కమాను పట్టీ విరిగితే, మారుద్దామన్నా చేపల నీళ్లు కారి, దాన్ని పట్టి ఉంచే పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది.

"మెకానిక్కుని పిలవండీ," అంది అమ్మ.

"సుత్తి దెబ్బకి వంద రూపాయలా? నా చేతులకేమయింది?" అంటూ నాన్న పిన్ను మీద కిరసనాయిలు పోసి, సుత్తి అందుకున్నారు. నాలుగు దెబ్బలకే, కారుని ఎత్తి నిలిపిన అద్దె జాకీ జారి, కారు ఆయన కుడిచేతి మీద పడింది.

కొన్నాళ్లకి కట్టుతోనే కొట్టు తెరిచారు. ఎడమచేత్తో బెల్లం అందిస్తే ఒకావిడ పుచ్చుకోలేదు.

"బోణీ వేళ ఎడమచెయ్యేంటండీ?" అని పక్క కొట్టుకి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ప్రతి పొట్లమూ నాచేతే ఇప్పించారు. "మా అమ్మాయి చేతి బోణీ అండీ, మహాలక్ష్మి!" అనేవారు. నిజమే కాబోలని, బడికి ఆలస్యమై దెబ్బలు తిన్నా, ఆ చేతినే చూసుకుని మురిసిపోయేదాన్ని. ఆయనకి లేని చెయ్యి నేనేనని పెద్దయ్యాకే అర్థమైంది.

ఇక ఖర్చంటారా, ఆ పిన్ను నాన్న దెబ్బలకి కదల్లేదు. చివరికి మెకానిక్కే గ్యాస్‌తో కోసి, వందా పట్టుకెళ్లాడు. నాన్నకి మూడు వేళ్లు పోయాయి. జాకీ అద్దె మాత్రం, జీవితంలో మొదటిసారి, బేరమాడకుండా ఇచ్చేశారు.