జీపు వెనక బంపరు వేయించిన నెల

మా ఆయన మిలిటరీ వేలంలో జీపు కొన్నాడు. యుద్ధం చూసి వచ్చిన బండి అని ఊరందరికీ చెప్పేవాడు. ఏ యుద్ధం, ఎవరి మీద అని అడిగితే మాత్రం కార్బురేటర్ గురించి మాట్లాడేవాడు. కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో అప్పటికి జీపు ఉన్న ఇల్లు మాదొక్కటే. పెళ్లయిన మూడేళ్లలో నాకు దక్కని మర్యాదలన్నీ దానికి దక్కాయి. పొద్దున్నే దానికి స్నానం, శుక్రవారం పసుపు కుంకుమ.

ముందర రెండు సీట్లు. ఒకటి తోలే మా ఆయనది, రెండోది మా మామది. ఆడవాళ్లం వెనక. మాకంటే ముందు పట్టాళంలో ఎవరో వెనక రేకు కోసి, కిందికి దిగే చిన్న తలుపు పెట్టించారు. దాని పైన మా అత్త ముదురు నీలం పరదా కట్టించింది. తలుపు దించి, పీట వేసుకొని ఎక్కి, పరదా లాక్కొని కూర్చోవాలి. పరదా సందులోంచి కనపడేదంతా దాటిపోయిన దారే. ఏదైనా ఊరు వచ్చిందని మాకు తెలిసేది అది వెళ్లిపోయాకే. స్టెపినీ చక్రం కూడా మాతోనే ఉండేది, కాళ్ల మధ్య. చీరలకు నల్లటి మరకలు పడేవి. రెండేళ్లు సణిగాను. ఎవరూ చెవిన పెట్టలేదు.

ఒక సంతనాడు ఎద్దులబండి నొగ వెనకనుంచి వచ్చి జీపు రేకుకు సొట్ట పెట్టింది. ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు. వెనక బలమైన ఇనుప బంపరు వేయించాలని, దాని మీదే స్తంభం నిలబెట్టి స్టెపినీని దానికి తగిలించాలని తెల్లారేసరికి నిర్ణయమైపోయింది. నా చీరల వల్ల కాని పని సొట్ట వల్ల అయింది.

ఆ వారంలోనే ఒంటిమిట్ట దగ్గర మా పుట్టింటినుంచి జాబు వచ్చింది. అమ్మ బావి మెట్ల దగ్గర జారిపడింది, తుంటి విరిగింది, కట్టు కట్టారు, నన్ను అడుగుతోంది. రాసింది మా అన్న. మా అన్న ఊరికే కార్డు ముక్క కూడా రాసే మనిషి కాదు. నాకు భయమేసింది. అమ్మను చూస్తానో చూడనో అన్న దిగులు ఆ క్షణంలోనే పట్టుకుంది.

"బంపరు కానీ, పోదాం. నాలుగు దినాల పని," అన్నాడు మా ఆయన.

బస్సులో పంపమన్నాను. మన ఇంటి ఆడవాళ్లు బస్సెక్కరని తెలియదా అన్నట్టు చూశాడు. తెలుసు. అయినా అడిగాను.

పని ఒప్పుకున్నది కోయిలకుంట్ల కమ్మరి. బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించడంలో అతని తర్వాతే ఎవరైనా. పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కిస్తాడు, నీళ్లు కొడతాడు, ఇక చెక్క పుచ్చిపోయినా పట్టా ఊడదు. జీపు పని మాత్రం అతనికి అదే మొదలు. బేతంచెర్ల బండలు మోసి మోసి కూలబడిన లారీ ఒకటి ఉంటే, దాని అడుగు చట్రంలోంచి ఒక దూలం కోయించి తెచ్చారు. మా ఆయన బోల్టులు కొనుక్కెళ్లాడు. కమ్మరి వాటిని అరచేతిలో వేసుకొని చూసి, తిరిగి ఇచ్చేశాడట.

"సామీ, బోల్టు మర అంటే తిరిగేదే కదా. బిగిచ్చే పక్కకే తిరుగు, వదులు పక్కకు తిరగొద్దు అని దానికెవురు చెప్పినారు? మన రోడ్ల మీద అది నిలుస్తాదా? నేను రివిట్లు కాల్చి కొడతా. నీ మనవడు గూడా పీకలేడు."

మా ఆయన ఇంటికొచ్చి ఈ మాట మూడుసార్లు చెప్పాడు. మాకు అప్పటికి కొడుకే లేడు. మనవడి మాట మాత్రం ఆయనకు తెగ నచ్చింది.

నాలుగు దినాలు పన్నెండయ్యాయి. ఒకరోజు బొగ్గులు లేవు. మూడు రోజులు కమ్మరి బావమరిది పెళ్లి. అమ్మకిష్టమని నేను చేసిన చెనక్కాయ ఉండలు ఇంటికొచ్చిన పిల్లలు తినేశారు, మళ్లీ చేశాను. వీధిలో సైకిలు గంట వినపడితే టెలిగ్రామేమోనని తలుపు సందులోంచి చూసేదాన్ని. ఆ రోజుల్లో మా ఆయన మీద ఉన్నంత కోపం తర్వాత ఎన్నడూ ఎవరి మీదా రాలేదు. చారులో ఉప్పు ఎక్కువేశాను. ఆయన రెండోసారి పోయించుకున్నాడు.

పదమూడో రోజు జీపు వచ్చింది. ఇటు చివరనుంచి అటు చివరదాకా మా ఇంటి గడపంత లావు బంపరు. నడిమధ్య స్తంభం, దాని మీద చక్రం. ఊరంతా వచ్చి కాలితో తన్ని చూసింది. టెంకాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. మా మామ కూడా అరుగు దిగి వచ్చి చేత్తో తట్టి, "గట్టిగుండాది," అన్నాడు. ఆయన దేన్నైనా మెచ్చుకోగా వినడం నాకు అదే మొదటిసారి.

నేను పెట్టె, ఉండల డబ్బా పట్టుకొని జీపు వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

మా ఆయన తలుపు దించబోయాడు. తలుపు రెండు వేళ్ల మందం కదిలి, చక్రానికి తగిలి ఆగింది. ఇంకోసారి లాగాడు. అంతే. చక్రం సరిగ్గా తలుపుకు ఎదురుగా ఉంది. పన్నెండు రోజులు ఇద్దరు మగవాళ్లు, చూడవచ్చిన మరో యాభైమంది, ఆ తలుపు ముందర నిలబడే కొలతలు వేశారు. ఆ తలుపు తెరుచుకొని ఎక్కేవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు.

పక్కనుంచి చక్రం మీద కాలుపెట్టి ఎక్కొచ్చని ఒకాయన అన్నాడు. నా చీర చూసి ఊరుకున్నాడు. స్తంభం పీకాలంటే కమ్మరి కావాలి. కమ్మరి ఆ పొద్దున్నే బేతంచెర్ల గనుల్లో గడ్డపారలు సాగగొట్టడానికి వెళ్లాడు, వారం దాకా రాడు.

"వాడు రానీ, పోదాం," అన్నాడు మా ఆయన, నా మొహం చూడకుండా.

"నేను ముందర కూసుంటా," అన్నాను.

అందరికీ వినపడేట్టే అన్నాను. మా మామ తాంబూలం నమలడం ఆపాడు. గడప లోపలినుంచి మా అత్త అందుకుంది: "దాని అమ్మ మంచాన పడుండాది. ఆ పిల్ల కూసుంటే సీటేమన్నా అరిగిపోతాదా?"

మామ తాంబూలం పక్కకు ఉమ్మేశాడు. "ఊరు దాటేదాకా తల వంచుకోని పొమ్మను," అన్నాడు, జీపుతో.

వంచుకున్నాను. ఊరు చిన్నదే.

తల ఎత్తేసరికి దారి నాకు ఎదురొస్తోంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప, అన్నీ ముందు కనపడి, ఆ తర్వాత దగ్గరికొచ్చాయి. వెనక బరువు ఎక్కువై జీపు మూతి తేలిపోతోందని, స్టీరింగు మాట వినడం లేదని మా ఆయన దారి పొడుగునా చెమటలు కక్కాడు. నాకు జాలి కలగలేదు.

అమ్మ ఉంది. మనిషి సగమైపోయింది.

"ఇన్నాళ్లకా పాపా?"

"జీపుకు బంపరు ఏసినారుమా."

బంపరంటే ఏమిటని అడిగింది. జరిగిందంతా చెప్పాను. నవ్వింది. నవ్వితే తుంటి నొచ్చి నన్ను తిట్టింది. మా ఆయన మర్నాడే వెళ్లిపోయాడు. నెల రోజులు ఆమెకు నేనే నీళ్లు పోశాను, నేనే తల దువ్వాను.

నెలకు మా ఆయన నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. ఒంటిమిట్ట కోదండరాముణ్ణి చూసుకున్నట్టు ఉంటుందని మా మామ కూడా వచ్చాడు. కమ్మరి చేత స్తంభాన్ని బంపరు ఒక చివరకు మార్పించి, చక్రాన్ని దానికి మడతబందుతో తగిలించారు. గొళ్లెం తీసి తోస్తే చక్రం గేటులాగా పక్కకు పోతుంది, తలుపు దిగుతుంది. మా ఆయన పదిసార్లు తిప్పి చూపించాడు. మా అన్న తనూ తిప్పాడు. మంచి పని. నేనూ మెచ్చుకున్నాను.

నన్ను సాగనంపడానికి అమ్మను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చి పెట్టారు. కాళ్లకు మొక్కి ఎక్కాను. తలుపు వేశారు, చక్రం తిప్పి గొళ్లెం పెట్టారు, జీపు కదిలింది. పరదా తీశాను. వెనక కూర్చోవడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం, వదిలి వెళ్లేవాళ్లు మలుపుదాకా కనపడతారు. ఈసారి ఎదురుగా చక్రం. ఎడమకు ఒరిగితే మా అన్న కనపడ్డాడు. కుడికి ఒరిగితే కొట్టం గోడ. మంచం ఉన్నచోట నల్లటి రబ్బరు.

"నిలపండి," అన్నాను. వినపడలేదు. రేకు మీద అరచేత్తో బాదాను. జీపు ఆగింది. మా ఆయన దిగి వచ్చి గొళ్లెం తీశాడు. మా మామ వెనక్కి తిరగలేదు. నేను దిగి, నడుచుకుంటూ మంచం దగ్గరికి వెళ్లాను.

"ఏం మర్సిపోయినావు పాపా?" అంది అమ్మ.

"ఏం లేదుమా."

మంచం పట్టె మీద కూర్చున్నాను. నా చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుంది. మా ఆయన ఇంజను ఆపేశాడు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరూ రమ్మని పిలవలేదు.

అమ్మ ఆ ఎండాకాలం దాటలేదు. కబురు అంది మేము చేరేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు చక్రం అడ్డం రాకపోయి ఉంటే, నేను మలుపుదాకా చూసి వెళ్లిపోయేదాన్ని.