మార్చి ఇచ్చిన జాజ్ ప్లేటు

గ్రామఫోను ప్లేటు ఒకటి ఎంత బరువుంటుంది? చేతిలో పట్టుకుంటే నాలుగు రొట్టెలంత. దాన్ని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పగలిగే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి. చేసింది దొంగతనం. కానీ అందులో దొంగతనం చిన్న ముక్క. పెద్దది, దాని తరువాత నేను అన్న ఒక మాట.

అప్పుడు నేను గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తాను. పెళ్లి కాలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి అబిడ్స్ మీదుగా నడిచి నాంపల్లిలో నా గదికి చేరేవాణ్ణి. దారిలో ఒక హోటల్లో టీ వేళకు బ్యాండు వాయించేవారు. దొరలు, దొరసానులు, పెద్ద ఉద్యోగులు లోపల. నేను బయట, గోడ పక్కన. అది జాజ్ అని కూడా తెలియదు. క్లారినెట్ ఒక్కటి మిగతా వాద్యాలను దాటుకుని పైకి వెళ్లేది, అక్కడ కాసేపు నిలబడేది. నా కాళ్లు కూడా అక్కడే నిలబడేవి.

ఆ క్లారినెట్ వాయించే మనిషి యాదగిరి. నల్లగొండ వైపు పల్లెటూరు. చిన్నప్పుడే వచ్చి ఫౌజు బ్యాండులో చేరాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య తరువాత ఫౌజు చెదిరిపోయింది, దాంతోపాటు బ్యాండూ. కొందరు పెళ్లి ఊరేగింపుల్లోకి పోయారు. యాదగిరి ఈ హోటలుకు వచ్చాడు. ఒకరోజు బయటకు వస్తూ, గోడ పక్కన నన్ను చూసి నవ్వాడు. "దినాం ఇంటున్నవు, లోపటికి రారాదు?" అన్నాడు. అప్పటినుంచి అతను నాకు యాదగిరన్న.

అతని గది నాంపల్లి స్టేషను వెనక సందులో. ఆదివారం పొద్దున ఇద్దరం అక్కడ కూర్చుని ప్లేట్లు వినేవాళ్లం. ఇరవై దాకా ఉండేవి, అన్నీ అమెరికావాళ్ల జాజ్. ఊరు విడిచిపోయే కుటుంబాలు సామాను అమ్ముకుంటే అవి కబాడీ దుకాణాలకు చేరేవి, అక్కడ ఏరుకొచ్చినవి. మొదటినుంచీ గరగరలాడేవే. ఒక్కటి మాత్రం కొత్తది. ఫౌజు రద్దయిన రోజున వాళ్ల బ్యాండు మాస్టరు అతని చేతిలో పెట్టి పంపిన ప్లేటు. దాన్ని అతను ఇనుప ముల్లుతో ఎన్నడూ వాయించలేదు. ఇనుప ముల్లు ప్లేటును తినేస్తుంది. తుమ్మ ముల్లు తెచ్చి, ఎండబెట్టి, గరుకు కాగితం మీద సాన పట్టి, అది బిగించేవాడు. ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క కొత్త ముల్లు. దేవుడి గదిలో వత్తి చేసే మనిషికి కూడా అంత ఓపిక ఉండదు.

ఆ ప్లేటు రెండో వైపు చివర్లో క్లారినెట్ ఒక పై సురం అందుకుంటుంది. సన్నగా, వెంట్రుకలా. యాదగిరన్న ఆ చోటు మళ్లీ మళ్లీ విని, ఒక్కొక్క సురమే నేర్చుకుంటున్నాడు. తన చెవికి అదే కొలబద్ద అనేవాడు. అది సరిగ్గా వినపడినన్నాళ్లూ తనకు ఫికర్ లేదట. ఫౌజులో అతనికి నేర్పిన ఉస్తాదు పెద్ద డోలు పక్కన నిలబడి నిలబడి చెవిటివాడైపోయాడు. ఆ భయం అతనిలో ఉండేది. నాకు తెలుసు. తెలిసే చేశాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

మా స్నేహం మొదలైన మరుసటి ఏడు నాకు కబాడీలో అదే ప్లేటు దొరికింది. అదే కంపెనీ, అదే నంబరు. గదికి తెచ్చి నా పాత గ్రామఫోను మీద పెట్టాను. ఇనుప ముళ్లు అరగదీసి అరగదీసి గాడులన్నీ బూడిద రంగుకు వచ్చాయి. చివరి సురం ఉండవలసిన చోట నూనెలో ఆవాలు వేసిన చప్పుడు. ఈ సంగతి యాదగిరన్నకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? అప్పటికే నా మనసులో ఏముందో నాకు తెలుసా? తెలుసనే అనుకుంటాను.

ఒక ఆదివారం అతని ప్లేటు వారం రోజులకు అడిగాను. అతను క్షణం కూడా ఆలోచించలేదు. సంచిలో పెట్టి, నాలుగు తుమ్మ ముళ్లు కాగితంలో చుట్టి ఇచ్చాడు. వారం తరువాత నేను తిరిగి ఇచ్చింది నా ప్లేటు. బట్టకు రెండు చుక్కల కొబ్బరి నూనె అద్ది తుడిచాను, నలుపు తేలింది. అతను తన ప్లేట్ల నడిమి కాగితం మీద పెన్సిలుతో చిన్న 'య' రాసుకునేవాడు. అదీ రాశాను. ఆఫీసులో నా దస్తూరీని అందరూ మెచ్చుకునేవారు.

ఎందుకు? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఆశ అంటే సరిపోదు. అతనికి వాయించడం వచ్చు, నాకు వినడం తప్ప ఏమీ రాదు, కాబట్టి మంచి ప్లేటు నాకే చెందాలని అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఎంత తెలివితక్కువగా ఉందో. అప్పుడు న్యాయంగానే తోచింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగాను.

రెండు ఆదివారాలు అతను గ్రామఫోనునే అనుమానించాడు. ముల్లు మార్చాడు. సౌండ్ బాక్సు విప్పి తుడిచాడు. తుమ్మ ముల్లుతో వాయించిన ప్లేటు అరుగుతుందని అతనికి తట్టనే లేదు. తన చేతి పనిని అనుమానించలేదు, నన్ను అనుమానించలేదు. ఇక మిగిలింది చెవులు. దవాఖానకు వెళ్లి చూపించుకున్నాడు. మూడో ఆదివారం నేను వెళ్లేసరికి ప్లేటు తిరుగుతూ ఉంది.

"డాక్టరు చూసిండు తమ్మీ. చెవులల్ల ఏం లేదన్నడు."

"మరింకేందన్నా."

"ఆయన ఇనుప పుల్ల మోగిచ్చిండు. ఇనపడ్తదా లేదా, గంతే ఆయనకు ఎరుక. ఈ పాట నీకెరుక. జర చెప్పు. గీడ, ఆఖర్ల, గా పై సురం నీకు ఇనపడ్తున్నదా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ప్లేటు ఆ చోటికి వచ్చింది. ఉన్నదంతా ఆవాల చప్పుడే. అతను నా ముఖం వైపే చూస్తున్నాడు.

"ఇనపడ్తున్నది" అన్నాను.

"సాఫ్‌గనా?"

"ఔ. ఎప్పటిలెక్కనే ఉన్నది."

"గట్లనా" అన్నాడు. "అయితే నా చెవులే."

ప్లేటు పూర్తికాకుండానే ముల్లు ఎత్తేశాడు. అలా అతను ఎన్నడూ చేయలేదు. తరువాత చాయ్ కాచి, నాకు సాసరులో పోసి ఇచ్చాడు. తాగాను. చాయ్ బాగుంది. అది కూడా గుర్తుంది నాకు.

ఆ అబద్ధం కోసం నేను ఆలోచించను కూడా లేదు. నాలుక చివర సిద్ధంగా ఉంది. దొరికిపోతానన్న భయం ఒక్కటే నాలో ఉంది. యాదగిరన్న చెవుల మాట ఆ క్షణాన నా బుర్రలో లేదు. నిజం చెబితే ఏమయ్యేది? మహా అయితే తిట్టేవాడు. బహుశా తిట్టేవాడు కూడా కాదు.

హోటల్లో అతను పై సురాలకు వెళ్లడం మానేశాడు. గోడ పక్కన నిలబడి విన్నాను, పైకి వెళ్లబోయి వెనక్కి తగ్గేవాడు. సురం సరిగ్గా ఉందా అని పక్కవాళ్లను అడిగేవాడట. వాళ్లు విసుక్కున్నారు. ఎవరూ పొమ్మనకముందే తనే మానుకుని, నాంపల్లి స్టేషనులో పార్సెల్ మూటల మీద నంబర్లు వేసే పనిలో చేరాడు. క్లారినెట్‌ను బేగం బజార్లో ఒక పెళ్లి బ్యాండువాళ్లకు అమ్మాడు. తోడు రమ్మంటే వెళ్లాను. అవును, వెళ్లాను. వాళ్లు ఒకసారి వాయించి చూపించమన్నారు. నేర్చుకున్న ఆ చివరి వరసే వాయించాడు. పై సురం వచ్చింది. వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వంకర లేకుండా. బజారులో మిరపకాయల బస్తాలు మోసే హమాలీ ఒకతను ఆగి విన్నాడు. యాదగిరన్న నా వైపు చూశాడు, ఎలా ఉందో చెప్పమన్నట్టు. నేను తల వంచుకున్నాను. అతను దాన్ని తన లెక్కలో, సురం తప్పిందనే, అర్థం చేసుకున్నాడు.

అతని అసలు ప్లేటు నా గదిలో ఉంది. తలుపేసుకుని వినేవాణ్ణి. అది చెడిపోయి వినపడిందని, చెవులు మూసుకున్నానని రాస్తే మీకు బాగుంటుందేమో. అలా జరగలేదు. బాగానే వినపడేది. కొన్నాళ్లకు అలవాటైంది, ఇంకొన్నాళ్లకు పెట్టడం మానేశాను.

యాభై ఆరులో అతను కూతురి దగ్గర ఉండటానికి ఊరికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు ప్లేట్లన్నీ గుడ్డలో కట్టి నా గదికి తెచ్చాడు. "నీ చెవులు మంచియి తమ్మీ, నువ్వుంచుకో" అన్నాడు. తీసుకున్నాను. కొన్నేళ్ల తరువాత అతను పోయాడని కూతురు కార్డు రాయించింది. చదివి జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. ఆ రోజంతా పని చేశాను. ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. రావాలని ఎదురుచూసి, రాదని తెలిసి, ఇది రాయడానికి కూర్చున్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించడానికి మీరు యాదగిరన్న కారు. ఎవరో ఒకరు చదువుతారని అనుకుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకు మించి ఆశ లేదు. ఆ ఆదివారం ఆయన అడిగిన ప్రశ్నకు ఇవ్వవలసిన జవాబు ఒక్కటి మిగిలింది. ఆయన భాషలోనే రాస్తాను.

ఇనపడ్తలేదన్నా. నాకు గూడ ఇనపడ్తలేదు.