గోడల్లేని కెర్నెల్

మా అమ్మమ్మ తుమ్మితే ఊళ్ళో సగం కుళాయిలు ఆగిపోతాయి. నీళ్ళు ఆవిడ పర్మిషన్ తీసుకునే పైపెక్కుతాయి. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి, కొంచెం ఎక్కువే చెప్పానేమో. అయినా సగం నిజమే. నీటి సరఫరా కేంద్రంలో పంపుల్ని నడిపే కంప్యూటర్‌కి కెర్నెల్ రాసింది ఆవిడే.

కెర్నెల్ అంటే కంప్యూటర్‌కి ఇంటి పెద్ద లాంటిది. ఏ ప్రోగ్రాముకి ఏం కావాలన్నా దాన్నే అడగాలి. అమ్మమ్మ రాసిన దాంట్లో నీటిమట్టం చూసే ప్రోగ్రాము ముక్క, గేటు మూసే ముక్క, పంపు తిప్పే ముక్క, అన్నీ ఆ పెద్దతో కలిసి ఒకే గదిలో కాపురం. మధ్యలో గోడల్లేవు కాబట్టి పని చకచకా సాగుతుంది. ఒకడు కూలితే మాత్రం ఇల్లంతా కూలుతుంది.

ఒకసారి కూలింది. నీటిమట్టం చూసే ముక్క చెడిపోయి, గేటు తెరిచి ఉండగానే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయింది. కేంద్రంలో డ్యూటీలో ఉన్న ఆవిడ తమ్ముడు, చేత్తో గేటు మూద్దామని నీళ్ళు నిండుతున్న పంపు హాల్లోకి దిగాడు. పైకి రాలేదు. ఇప్పటికీ ఇంట్లో పైపు గుడగుడమంటే చాలు, అమ్మమ్మ తింటున్న కంచం వదిలేసి "వస్తున్నా" అంటూ లేస్తుంది. ఎవరికే చెప్తున్నావని ఆటపట్టిస్తే, నీకు కాదులే అంటుంది.

మొన్న కేంద్రం నుంచి ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. కొత్త కెర్నెల్ తెచ్చారట, అందులో ఒక్కో ముక్కకీ ఒక్కో గది. వాళ్ళ ఆఫీసరు మాత్రం, పెద్దావిడది బాగానే నడుస్తోంది, మార్చడం దేనికని మొరాయిస్తున్నాడట. అమ్మమ్మ ఊఁ అంటే మారుస్తారు, లేకపోతే పాతదే ఉంటుంది. ఆ పంపు హాల్లో ఇప్పుడూ మనుషులు పనిచేస్తున్నారు.

ఆ అమ్మాయి మమ్మల్ని కేంద్రానికి తీసుకెళ్ళి కొత్తది చూపించింది. తెర మీద నీటిమట్టం ముక్కని కావాలనే చంపింది. గేటు దానంతటదే మూసుకుంది, మిగతావేవీ ఆగలేదు, చచ్చిన ముక్క లేచి మళ్ళీ పనిలో కూర్చుంది.

"మళ్ళీ చంపమ్మా," అంది అమ్మమ్మ.

చంపింది. లేచింది.

"ఇంకోసారి."

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను అమ్మమ్మ వైపు చూశాను. అమ్మమ్మ చూపు తెర మీద లేదు. పంపు హాల్లోకి దిగే మెట్ల మీద ఉంది, ఎవరో ఎక్కి వస్తున్నట్టు.

చివరికి మార్చెయ్యమంది.

బయటికొచ్చాక ఆ మొహం చూడలేక ఓదార్చబోయాను. "పోనీలే అమ్మమ్మా, నీ కాలానికి ఇంత తెలివైన పద్ధతి పుట్టలేదు. నీ కెర్నెల్ పాతబడిపోయింది, అంతే."

"నోర్ముయ్. ఆ పద్ధతి అప్పుడూ ఉంది. నిదానంగా నడుస్తుందని నేనే వద్దన్నాను."