కంచె లోపలి గడ్డి

లొరెట్టా ఇరవై రెండేళ్లుగా అమెరికాలోని నెవాడా బీళ్లలో గడ్డి కొలుస్తోంది. టేపు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో దుబ్బునూ వేళ్లతో నిమిరి చూస్తుంది. ఆమె రాసేదాన్ని బట్టే అడవి గుర్రాలను అక్కడ ఉండనివ్వాలో, పట్టి తరలించాలో పైవాళ్లు తేలుస్తారు. ఈ ఏడు గడ్డి సగానికి సగం తగ్గింది. అక్కడే ఆవులు మేపుకునే వెండెల్ వచ్చి, "ఇంకా ఏం కొలుస్తావు లొరెట్టా, గుర్రాలే మేసేశాయని రాసెయ్" అన్నాడు.

ఆమె పోలిక కోసం కంచె కట్టి వదిలేసిన నేల చెక్కను చూపించింది. "ఇందులోకి గుర్రమూ పోలేదు, నీ ఆవూ పోలేదు. ఇక్కడా అంతే తగ్గిందేం?"

"వానల్లేకేమో."

"నిరుటికన్నా ఎక్కువే పడ్డాయిగా."

వెండెల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆమె మళ్లీ కొలిచింది. అంకె మారలేదు. కాగితంలో కారణం రాయాల్సిన గడిలో 'తెలియదు' అని రాసింది.

"అలా రాయొచ్చా?" అన్నాడతను.

"అదీ తెలియదు" అంది లొరెట్టా, సంతకం పెడుతూ.