అక్క గీసిన అక్షరాలు, రెండో మెగాబైటు

ఆదివారం. పొద్దున్నుంచి వాన. ఫ్యాను రెక్కలు తుడిచాను. తుడుస్తుంటే ఎందుకో ఇది గుర్తొచ్చింది...

మా చిన్నప్పుడు... సింగపూర్‌లో, చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో మాకో హోమ్ కంప్యూటర్ ఉండేది. రిస్క్ (RISC) అని అప్పట్లో కొత్తగా వచ్చిన చిప్ ఉన్న రకం. నాన్నతో షిప్‌యార్డులో పనిచేసిన ఒక ఇంగ్లీషాయన వాళ్ల దేశం వెళ్లిపోతూ అమ్మేశాడు. మెమరీ ఒకే ఒక్క మెగాబైటు... చాలకపోతే తెర మీద రంగులు తగ్గించుకునేవాళ్లం. రంగులూ ఆ మెమరీనే తినేవి మరి.

అమ్మ శనివారాలు మా బ్లాకు పిల్లలకి తెలుగు నేర్పేది. అక్షరాలన్నీ కంప్యూటర్‌లో గీసి, ప్రింటు తీసి ఇస్తానని అక్క మాటిచ్చింది. పది అక్షరాలకే మెమరీ నిండిపోయింది. నాన్న ఇంకో మెగాబైటు కొనుక్కొచ్చి, మూత విప్పి, చిన్న బోర్డు గుచ్చాడు.

శుక్రవారం బడికి సెలవు. పొద్దున కూర్చున్న అక్క సాయంత్రానికి అచ్చులూ హల్లులూ అన్నీ గీసేసింది. తలకట్టు ఒక్కసారే గీసి, కావలసినచోటల్లా అతికించింది. "ఒరేయ్, సేవ్ చేసి ఆపెయ్" అని స్నానానికి వెళ్లింది.

సేవ్ చేయడానికి తెర అడుగున రెండు బొమ్మలుండేవి. ఒకటి ఫ్లాపీ... గరగరమంటూ బోలెడు సేపు తీసుకునేది. రెండోది ర్యామ్ డిస్క్... కొత్త మెమరీలోనే కొంత భాగం. చిటికెలో అయిపోయేది. నేను అందులో పెట్టి స్విచ్ ఆపేశాను. కరెంటు ఆగితే అందులోవేవీ మిగలవని నాకు తెలీదు.

శనివారం పొద్దున... "నా అక్షరాలేవిరా?"

నేను నోరెత్తేలోపే నాన్న వచ్చాడు. "మెమరీ రెండింతలు చేశాక కూడా పోవడమేంటే?"

అక్క నా వైపు చూడనైనా లేదు. "కరెంటు పోయింది నాన్నా."

"సింగపూర్‌లోనా? మన రాజమండ్రి అనుకున్నావా ఏంటి!"

అక్క మాట మార్చలేదు. నాన్న నన్నొకసారి చూసి వెళ్లిపోయాడు. పిల్లలు వచ్చేలోపు అక్క గబగబా స్కెచ్ పెన్నుతో అట్టల మీద అక్షరాలు రాసింది. మధ్యాహ్నం మళ్లీ మొదటి నుంచీ గీసింది. నన్ను ఒక్క మాటా అనలేదు... సేవ్ మాత్రం ఇంకెప్పుడూ నా చేతికివ్వలేదు.

ఇప్పుడు అన్నీ వాటంతటవే సేవ్ అవుతున్నాయి. పోతాయన్న భయమూ లేదు... మన కోసం నిలబడి అంత అడ్డగోలు అబద్ధం ఆడేవాళ్ల అవసరమూ లేదు.

మీ ఇంట్లో మీ తప్పు అలా తన మీద వేసుకున్నది ఎవరు?