పసుపు కాళ్ళ పక్షి, నా రెండో కాగితం

నేను కళ్ళారా చూసిన పక్షిని నేను చూడలేదని తీర్మానించారు. అదీ నా కాగితాన్నే నా మీద సాక్ష్యంగా చూపించి.

గంజాం ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. గోపాల్‌పూర్‌లో ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో నేను సిగ్నలర్‌ని. లంగరేసిన ఓడకు జెండాలతో కబురు చెప్పడం, అలల జోరు చూసి పడవలు దించవచ్చో లేదో తేల్చడం నా పని. బడికి పోలేదు, జెండాల అక్షరాలతోనే ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఓడ రాని పూటల్లో ఆఫీసు దుర్భిణితో తీరం మీద వాలే గల్ అనే సముద్రపు పక్షుల్ని చూసేవాణ్ణి.

ఒక చలికాలం ఉదయం గుంపులో ఒకటి తేడాగా కనబడింది. ఇక్కడ మామూలుగా దిగే వాటికి కాళ్ళు ఎరుపు. దీనికి పసుపు. తల, రొమ్ము ముదురు గోధుమరంగు, మెడ వెనక తెల్లని పట్టీ. పక్షుల పుస్తకం తెరవక ముందే బొమ్మ గీయాలన్నది నా నియమం. తెరిచాక కన్ను పుస్తకం చెప్పినట్టే వింటుంది. గాలి, వెలుతురు, పక్క పక్షితో పోలిస్తే సైజు, అన్నీ రాసుకున్నాకే పుస్తకం తీశాను. అరేబియా వైపు పక్షి! మన తీరానికి వచ్చినట్టు ఎక్కడా లేదు. మద్రాసులో పక్షుల వార్తలు అచ్చువేసే సంఘం ఒప్పుకుంటే, బడి మెట్టెక్కని నా మాట అచ్చులో నిలుస్తుంది.

ఆఫీసు దుర్భిణితో చూసిన సంగతి గనక కాగితం హెడ్ గుమాస్తా గారి చేతుల మీదుగానే పోవాలి. ఆయన బరంపురం మనిషి. చదివి నవ్వారు.

"ఏటయ్యా సిగ్నలూ, వలల కాగులో పడ్డ పిట్టని పట్టుకుని కొత్త జాతంటావేటి?"

చేపలు పట్టే పల్లెవాళ్ళు వలలు చివకకుండా, చెట్టు బెరడు ఉడికించిన గోధుమరంగు నీళ్ళ కాగులో ముంచుతారు. వెళ్ళి అడిగితే నూకయ్య అనే పడవవాడు తేలిగ్గా చెప్పేశాడు: "పడింది బాబూ. తీసి ఒగ్గీసినాం. ఎగిరెల్లిపోనాది."

నా బుర్ర తిరిగిపోయింది. నా బొమ్మే నాకు కాగులోంచి తీసిన పిట్టలా కనబడసాగింది. కానీ రంగునీళ్ళు ఎర్రకాళ్ళను పసుపు చేస్తాయా? మెడ మీద పట్టీ మాత్రం వదిలేస్తాయా? ఆ వారంలోనే నూకయ్య వదిలేసిన పిట్టా నా దుర్భిణికి దొరికింది: ఒళ్ళంతా మరకలు, కాళ్ళు ఎరుపే. ఇది వేరు, అది వేరు. అనుమానం తీరాలని దీని గురించీ రెండో కాగితం రాసిచ్చాను.

ఆఫీసు ఆనవాయితీ ఏమిటంటే, ఒకే సంగతి మీద రెండో కాగితం వస్తే మొదటిది రద్దు. గుమాస్తా గారు రెండోదే పంపారు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. పక్షికి రంగు పడిందని మద్రాసు నుంచి జాబు వచ్చింది. ఏ పక్షికి? నెలల తరబడి అర్థం కాలేదు. చివరకు మొదటి కాగితం ఆఫీసు కట్టలో దొరికితే, నా ఖర్చుతో నేనే పంపాను.

ఈ వ్యవహారంలో నేర్చుకున్నది ఇంతే: తేడా చూపవలసిన రెండు పక్షుల్ని ఒకే కాగితం మీద రాయాలి. ఒప్పుకుంటాను. సంఘం వాళ్ళ న్యాయం మాత్రం ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. చివరకు వచ్చిన జవాబు ఇది:

"మీ మొదటి కాగితంలోని వర్ణన చాలా శ్రద్ధగా ఉన్నది. అయితే అదే తీరంలో, అదే వారంలో, రంగు పడిన పక్షి ఒకటి తిరిగినట్లు మీ రెండవ కాగితమే రుజువు చేయుచున్నందున, మొదటిదానిని అంగీకరించజాలము. రెండవది అచ్చువేసితిమి."